బండి ఆగింది సరే, మీరెక్కడ నిలబడ్డారు?

అందరికీ నమస్కారం. సంక్రాంతికి ఊళ్లకు బయల్దేరే ముందు కార్ల గురించి నాలుగు ముక్కలు చెప్పమని మన అసోసియేషన్ వాళ్లు పిలిచారు. మెకానిక్ కదా, బానెట్ ఎత్తి మొదలుపెడతాడని అనుకుని ఉంటారు. బానెట్ దగ్గరికి తర్వాత వద్దాం. ముందు పేపర్ సంగతి.

'ఆగి ఉన్న లారీని ఢీకొన్న కారు'. ఈ హెడ్డింగ్ మనకు ఎంత అలవాటైపోయిందంటే, చదివి పేజీ తిప్పేస్తాం. ఆ లారీ ఎందుకు ఆగిందో వార్తలో ఉండదు. టైరు పేలి ఉండొచ్చు, యాక్సిల్ పోయి ఉండొచ్చు. వెనక లైట్లు వెలగవు, రేడియం స్టిక్కర్ మీద ఇంత మందాన మట్టి. రేపు మన కారు హైవే మీద మొరాయిస్తే ఆ లారీ చోట మనం ఉంటాం. చెడిపోయిన పార్టు ఏదైనా షెడ్డులో బాగైపోతుంది. వెనకాల వచ్చేవాడు మనల్ని చూడకపోతేనే ఇల్లు మునుగుతుంది. అందుకే ఈ రోజు నా మాటల్లో సగం రిపేర్ గురించి ఉండవు, నిలబడే చోటు గురించే ఉంటాయి.

లెక్క చూడండి. 100 కిలోమీటర్ల స్పీడుతో వచ్చే బండి ఒక్క సెకనులో 28 మీటర్లు దాటుతుంది. డ్రైవరు మిమ్మల్ని చూసి బ్రేక్ మీద కాలు వేసేసరికి సెకను, సెకనున్నర గడిచిపోతుంది. అక్కడికే 40 మీటర్లు అయిపోయాయి. బ్రేక్ పడ్డాక పొడి రోడ్డు మీద ఆగడానికి ఇంకో 50, 60 మీటర్లు కావాలి. వాన పడితే ఇంకా ఎక్కువ. మనవాళ్లేమో ఎర్ర ట్రయాంగిల్‌ని తెచ్చి డిక్కీకి ఆనించి పెడతారు! అది కనిపించేసరికి వాడు మీ సీట్లో ఉంటాడు. మామూలు రోడ్డయితే కారుకు కనీసం 50 మీటర్ల వెనక, నాలుగు వరుసల హైవే అయితే 100 మీటర్ల వెనక పెట్టండి. 100 మీటర్లంటే పెద్దవాళ్ల అడుగుల్లో 130 పైచిలుకు. మలుపు ఉంటే, మలుపుకు ముందే. పెట్టడానికి వెళ్లేటప్పుడు రోడ్డు మీద నడవద్దు, పక్కనున్న రెయిలింగ్ అవతల నడవండి. ట్రయాంగిల్‌ని వచ్చే బండ్లకు కనిపించేలా చేత్తో పట్టుకునే వెళ్లండి.

ట్రయాంగిల్ లేకపోతే మన లారీ డ్రైవర్లలాగా చెట్టు కొమ్మ విరిచి పెట్టినా నయమే. కానీ రాళ్లు పెట్టకండి. బండి బాగవగానే ఆ రాళ్లు అక్కడే వదిలేసి పోతారు. రాత్రికి వాటి మీదికి ఎక్కేది పాపం ఏ మోటార్‌సైకిలో.

ఇక ఆపడం ఎలాగో చెప్తాను. ఇంజిన్ తన్నినా, ఏదో శబ్దం వచ్చినా కంగారుపడి ఉన్నచోటే బ్రేక్ కొట్టకండి. పార్కింగ్ లైట్లు, అంటే నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి మిణుకుమనేవి, వేసి, యాక్సిలరేటర్ వదిలి, ఉన్న ఊపుతోనే ఎడమకు లాగండి. ఇంజిన్ ఆగిపోతే స్టీరింగ్ బరువెక్కుతుంది, బ్రేక్ పెడల్ గట్టిపడుతుంది. అవి పనిచేయడం మానేసినట్టు కాదు, ఎక్కువ బలం కావాలంతే. తాళం మాత్రం తీయకండి, స్టీరింగ్ లాక్ పడుతుంది. ఎడమ పక్కన వీలైనంత లోపలికి ఆపి, చక్రాలు ఎడమకు తిప్పి, హ్యాండ్‌బ్రేక్ వేయండి. తర్వాత అందరూ ఎడమ తలుపుల నుంచే దిగాలి. దిగి కారు ముందో వెనకో నిలబడి ఫోన్లు చేసుకోవడం కాదు, రెయిలింగ్ దాటి అవతలకు వెళ్లాలి. పిల్లలు పడుకున్నారని, ఎండగా ఉందని ఏసీ వేసి లోపలే కూర్చోబెట్టడం నేను హైవే మీద ఎన్నిసార్లు చూస్తానో. దయచేసి ఆ పని చేయకండి. బండి మధ్య వరుసలో ఇరుక్కుని దిగే సందే లేకపోతే మాత్రం బెల్టులు పెట్టుకుని లోపలే ఉండి ఫోన్ చేయండి.

ఫోన్ అంటే, జాతీయ రహదారి మీద 1033. మనం కట్టే టోల్‌లోనే పెట్రోలింగ్ బండి, అంబులెన్స్, క్రేన్ ఉంటాయి, మొహమాటం అక్కర్లేదు. వాళ్లు మొదట అడిగేది ఎక్కడున్నారని. 'విజయవాడ రోడ్డులో ఉన్నాం' అంటే వాళ్లేం వెతుకుతారు? పంతంగి టోల్ దాటాక, చిట్యాల రాకముందు, విజయవాడ వైపు వెళ్లే రోడ్డులో అని చెప్పండి. పక్కనే కిలోమీటరు రాయి ఉంటుంది, దాని మీది అంకె చదివి చెప్పండి. వేరే రోడ్లలో అయితే 112. ఎవరికైనా దెబ్బలు తగిలితే 108.

సరే, ఇప్పుడు బండిలోకి వద్దాం.

పంతంగి అన్నాను కాబట్టి హీట్ సంగతి ముందు చెప్తాను. 'హైవే మీద బ్రహ్మాండంగా వచ్చిందండీ, టోల్ గేట్ దగ్గర క్యూలో ఆవిర్లు కక్కింది' అంటారు. దానికి కారణం ఉంది. బండి స్పీడులో ఉన్నప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ని చల్లబరుస్తుంది. క్యూలో గాలి ఉండదు, అప్పుడు ఫ్యాన్ తిరగాలి. ఆ ఫ్యాన్ మోటారో, రిలేనో ఎప్పుడో పోయి ఉంటుంది. మీకు తెలిసేది సరిగ్గా పండగ రద్దీలోనే! ఇంట్లోనే చూసుకోవచ్చు. ఏసీ వేసి ఇంజిన్ ఆన్‌లో ఉంచండి, కాసేపట్లో ముందు ఫ్యాన్ తిరిగే శబ్దం వినిపించాలి.

క్యూలో టెంపరేచర్ ముల్లు పైకి పోతుంటే ఏసీ ఆపి, హీటర్ ఫుల్లుగా పెట్టండి. లోపల చెమటలు పడతాయి, కానీ ఇంజిన్ వేడి కొంత బయటికి పోతుంది. అయినా ముల్లు దిగకపోతే పక్కకు తీసి ఆపేయండి. వెంటనే రేడియేటర్ మూత తీయకండి. లోపల కూలెంట్, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే నీళ్లు, ప్రెషర్‌లో 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మూత తిప్పగానే ప్రెషర్ పోయి మొత్తం ఒక్కసారిగా పైకి తన్నుతుంది, విజిల్ దిగని కుక్కర్ మూత లాగినట్టే. మొహం, చేతులు కాలిపోతాయి. అరగంట, ముప్పావుగంట ఆగండి. రేడియేటర్ పై పైపు చేత్తో పట్టుకోగలిగేంత చల్లారాక, మూత మీద గుడ్డ వేసి మెల్లగా తిప్పండి. వేడి ఇంజిన్ మీద చల్లనీళ్లు గుమ్మరించడం ఇంకో తెలివితక్కువ పని. ఇంజిన్ హెడ్ వంకరపోతే బిల్లు వేలల్లో ఉంటుంది, నాకేం నష్టం లేదు గానీ.

ఆవిరికీ పొగకీ తేడా గుర్తుపట్టండి. వైరు కాలిన వాసనతో పొగ వస్తుంటే బానెట్ ఎత్తకండి. గాలి తగిలి మంట అందుకుంటుంది. ఇంజిన్ ఆపి, అందరూ దిగి దూరంగా పోయి ఫోన్ చేయండి.

స్టెప్నీ మార్చడం చాలామందికి తెలుసు, వరుసే తప్పుతారు. జాకీ ఎత్తక ముందే, చక్రం నేల మీద ఉండగానే బోల్టులు అరచుట్టు వదులు చేయాలి. ఎత్తాక వదులు చేయబోతే బండి జాకీ మీద నుంచి జారుతుంది. హ్యాండ్‌బ్రేక్, గేరు, ఎదురు మూల చక్రానికి రాయి, మూడూ ఉండాలి. తీసిన టైరుని పక్కన పారేయకుండా కారు కిందికి తోసి ఉంచండి. జాకీ జారినా బండి టైరు మీద పడుతుంది, మీ చెయ్యి మీద కాదు. బోల్టులు వరుసగా కాకుండా ఎదురెదురుగా బిగించాలి. స్టెప్నీ సన్నగా ఉండే రకమైతే దాని మీద 80 అని రాసి ఉంటుంది, అంతకు మించి పోవద్దు. కుడివైపు టైరు పంక్చరై, ట్రాఫిక్ పక్కనే మీ వీపు ఉండేటట్టయితే మాత్రం మార్చకండి. రిమ్ పాడైనా పర్లేదు, మెల్లగా ముందుకు పోయి చోటు దొరికాక ఆపండి.

బ్యాటరీ డౌన్ అయితే సెల్ఫ్ కొట్టినప్పుడు టకటకమని చప్పుడు వస్తుంది. కేబుళ్లుంటే ఎర్రది ముందు మీ ప్లస్‌కి, తర్వాత అవతలి బండి ప్లస్‌కి. నల్లది అవతలి మైనస్‌కి, చివరి కొస మాత్రం మీ ఇంజిన్ ఇనుముకి, బ్యాటరీకి దూరంగా. చివరి కనెక్షన్‌లో నిప్పురవ్వ లేస్తుంది, బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ ఉంటుంది. తోసి స్టార్ట్ చేయడం మాన్యువల్ గేర్ బండ్లకే. ఆటోమేటిక్‌ని ఊరంతా తోసినా ఫలితం ఉండదు.

శ్రీశైలం వెళ్లేవాళ్లకు ఒక మాట. మన్ననూరు దాటాక అడవి, చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా గేటు వేస్తారు. ఘాట్ దిగేటప్పుడు బ్రేక్ మీదే కాలుంచితే లైనింగ్ కాలిన వాసన వస్తుంది, పెడల్ మెత్తబడుతుంది. అప్పుడు ఇంజిన్ ఆపొద్దు. పెడల్ గబగబా తొక్కి వదులుతూ, ఒక్కో గేరూ తగ్గించి, హ్యాండ్‌బ్రేక్ కొద్దికొద్దిగా లాగండి. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగితే అసలు ఇంతదాకా రాదు.

నీళ్ల సంగతి చెప్పకుండా ముగించలేను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలకు కాలనీలు మునిగాయి. అలా మునిగిన బండిని నీళ్లు తగ్గగానే 'ఒకసారి చూద్దాం' అని సెల్ఫ్ కొట్టబుద్ధేస్తుంది. సిలిండర్‌లో గాలి అయితే నలుగుతుంది, నీళ్లు నలగవు. పిస్టన్ పైకి వచ్చి నీళ్లకు కొట్టుకుంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. అప్పటిదాకా ఫిల్టర్లు, ఆయిల్ మార్చి, శుభ్రం చేస్తే బతికే ఇంజిన్ ఆ ఒక్క సెల్ఫ్‌తో పోతుంది. మామూలు ఇన్సూరెన్స్‌లో ఇంజిన్ లోపలికి నీళ్లు పోయిన నష్టం సాధారణంగా రాదు, ఇంజిన్ ప్రొటెక్ట్ అనే కవర్ విడిగా తీసుకోవాలి. మునిగిన బండిని ముట్టుకోకుండా క్రేన్ మీద ఎక్కించండి. ఎలక్ట్రిక్ కారైతే అసలు దగ్గరికే పోకండి, కంపెనీ వాళ్లకు ఫోన్ చేయండి.

దారిలో ఇంకెవరికైనా ప్రమాదం జరిగితే ఆగడానికి భయపడేవాళ్లున్నారు, పోలీసు కేసులో ఇరుక్కుంటామని. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ సాయం చేసినవాళ్లకు రక్షణ ఇస్తోంది. మీ పేరు, ఫోన్ నంబరు చెప్పమని ఎవరూ బలవంతం చేయకూడదు. కానీ ఆగేటప్పుడు మీ బండిని కూడా నేను చెప్పినట్టే ఆపండి.

ప్రశ్నలు కిందికి దిగాక అడగండి. సెల్లార్లో నా కారు పెట్టాను, చక్రం విప్పి చూపిస్తాను. మీరూ మీ మీ బండ్ల డిక్కీలు తెరిచి జాకీ, స్పానర్, ట్రయాంగిల్ ఉన్నాయో లేదో చూసి రండి. అమ్మా, మీరు కూడా. మొదటి బోల్టు మీ చేతే విప్పిస్తాను. చేత్తో రాకపోతే స్పానర్ మీద కాలేసి తొక్కడమే.