చలికి భయపడి స్వీట్ పీ ఆలస్యం చేయొద్దు

అందరికీ నమస్కారం అండి. ఆదివారం పొద్దున్నే ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం. ఇవాళ స్వీట్ పీ అనే పూల తీగ గురించి మాట్లాడమన్నారు, అందులోనూ చలి దేశాల్లో ఎప్పుడు వేయాలో ముందు చెప్పమన్నారు, ఎందుకంటే ఇక్కడ చాలామందికి పిల్లలు అమెరికాలోనో కెనడాలోనో ఉన్నారు, మార్చిలో ఫ్లైట్ ఎక్కుతారు, వెళ్లాక పెరట్లో ఏదో ఒకటి వేయకపోతే మన చేతులు ఊరుకోవు కదా.

అక్కడ మనవాళ్లు సొర, బీర, గోంగూర ఎలా పెంచుతారో మీకు తెలుసు. ఇంట్లో వెచ్చగా హీట్ మ్యాట్ మీద మొలకెత్తించి, చలి పూర్తిగా పోయాక మే చివర్లోనో జూన్‌లోనో బయట నాటుతారు. బీరకి అది కరెక్టే. స్వీట్ పీకి కూడా అదే లెక్క వేశారా, ఇక ఆ ఏడాది పూలు చూసినట్టే! ఇది చలికి తట్టుకుంటుందండీ, ఎండకే తట్టుకోలేదు.

ఎందుకంటే దీని పుట్టిల్లు ఇటలీ దగ్గర సిసిలీ. 1699లో ఫ్రాన్సిస్కో కుపానీ అనే క్రైస్తవ సన్యాసి అక్కడి నుంచి ఇంగ్లండ్‌కి విత్తనాలు పంపాడు, అలా బయటికొచ్చింది ఈ మొక్క. సిసిలీలో ఎండాకాలం వాన చుక్క పడదు, అందుకని విత్తనం ఎండలు పోయాక పడే వానలకి మొలిచి, చలికాలమంతా నిదానంగా వేరు కిందికి దించుకుని, వసంతంలో పూసి, ఎండలు ముదిరేలోపు కాయ కాసి చచ్చిపోతుంది. కాబట్టి మీరు ఏ ఊళ్లో ఉన్నా "ఇక్కడ ఎండలు ఎప్పుడు మొదలవుతాయి" అని అడిగి అక్కడి నుంచి వెనక్కి లెక్క పెట్టుకోండి.

ఇంగ్లండ్ లాంటి చోట చలి ఓ మోస్తరుగానే ఉంటుంది కాబట్టి అక్టోబర్‌లోనే కుండీల్లో వేసి, పైన గాజు మూత ఉన్న పెట్టెలో పెట్టి చలికాలం దాటిస్తారు, మార్చి ఏప్రిల్‌లో నేలలో నాటుతారు. మినియాపొలిస్, టొరంటో వైపు అలా కుదరదు, అక్కడ ఆఖరి ఫ్రాస్ట్, అంటే రాత్రి మంచు గడ్డకట్టే చలి, మే దాకా ఉంటుంది. దానికి ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు, అంటే మార్చి మధ్యలో ఇంట్లో వేయండి. డాలస్‌లో ఉన్నవాళ్లకి మాత్రం లెక్క వేరే, వాళ్లు మనలాగే చలికాలం ముందే నేలలో వేసేయాలి.

విత్తనం గట్టిది, బఠాణీ కంటే కాస్త చిన్నది. రాత్రి నీళ్లలో నానబెడితే పొద్దున్నకి కొన్ని ఉబ్బుతాయి, కొన్ని అలాగే రాయిలా ఉంటాయి, ఆ ఉబ్బనివాటికి మాత్రం మొలకొచ్చే మచ్చకి అవతలి వైపు నెయిల్ కట్టర్‌తో పైపొర కొంచెం గిల్లి మళ్లీ నీళ్లలో వేయండి. అన్నిటినీ గిల్లక్కర్లేదు. వేరు నిటారుగా లోతుకి పోతుంది, దాన్ని కదిలిస్తే నచ్చదు, అందుకే టాయిలెట్ పేపర్ అయిపోయాక మిగిలే అట్ట గొట్టాలు దాచిపెట్టుకోండి, వాటిలో మట్టి నింపి అంగుళం లోపు లోతులో విత్తి, నాటేటప్పుడు గొట్టంతో సహా నాటేయొచ్చు. గ్యారేజీలో పెడితే ఎలుకలు ఒక్క రాత్రిలో మొత్తం తవ్వుకుని తినేస్తాయి, పైన జాలీ వేయాల్సిందే.

మొలకెత్తడానికి 13 నుంచి 18 డిగ్రీలు చాలు, రెండు వారాల్లో పైకొస్తుంది. అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. మొలక కనపడగానే హీటర్ నడిచే గదిలోంచి తీసేసి, 10 డిగ్రీల దగ్గర ఉండే చల్లని చోట, బాగా వెలుతురులో పెట్టండి. పాపం చలేస్తుందేమో అని హాల్లోనే ఉంచితే దారంలా సాగి పడిపోతుంది. మూడు జతల ఆకులు రాగానే కొస తుంచేయండి, మనసొప్పదు కానీ తుంచితేనే కింద నుంచి రెండు మూడు బలమైన కొమ్మలొస్తాయి. తర్వాత వారం పది రోజులు పగలు బయట, రాత్రి లోపల పెట్టి అలవాటు చేస్తే ఏప్రిల్ చివర్లో నాటేయొచ్చు, అలా అలవాటైన మొక్కని తేలికపాటి ఫ్రాస్ట్ ఏమీ చేయదు. తీగ కాబట్టి ఆరడుగుల పందిరి ముందే కట్టి ఉంచండి. నైట్రోజన్ ఎరువు ఎక్కువ వేయొద్దు, చిక్కుడు జాతి కదా, నైట్రోజన్ అదే సమకూర్చుకుంటుంది, మనం ఇంకా వేస్తే పూలు తగ్గి అంతా ఆకే.

ఇక మన హైదరాబాద్. సెప్టెంబర్ చివర, వానలు తగ్గుముఖం పట్టాక వేయండి, అక్టోబర్ మధ్య దాటనివ్వద్దు. అప్పటికింకా పగలు 30 డిగ్రీలుంటుంది, మొలకలు వచ్చేదాకా నీడలో ఉంచి, తర్వాత పొద్దుటి ఎండ తగిలే చోటికి మార్చండి. కుండీ కనీసం అడుగు లోతు. ఇంకో ముఖ్యమైన సంగతి, ఏ రకం కొంటున్నారో చూసుకోండి. ఇంగ్లండ్‌లో పేరున్న స్పెన్సర్ రకాలు పగలు 12 గంటలు దాటితేగానీ సరిగా పూయవు, మనకి డిసెంబర్‌లో పగలు 11 గంటల చిల్లరే, 12 అయ్యేది మార్చి మూడో వారంలో, అప్పటికి మన ఎండలు వచ్చేస్తాయి, మొక్క పచ్చగా ఎదిగి పువ్వు లేకుండా మాడిపోతుంది. తప్పు మీది కాదు, రకానిది. అందుకే వింటర్ ఎలిగెన్స్, మామత్ లాంటి త్వరగా పూసే రకాలే అడగండి.

పూలు వచ్చాక పిసినారితనం వద్దు, రెండ్రోజులకోసారి కోసి ఇంట్లో పెట్టుకోండి, ఒక్క కాయ ముదిరినా మొక్క ఇక నా పని అయిపోయిందనుకుని పూత ఆపేస్తుంది. అన్నట్టు ఆ కాయలు, గింజలు విషం. చూడ్డానికి అచ్చం బఠాణీలా ఉంటాయి, మనవలు మనవరాళ్లు తిరిగే ఇంట్లో విత్తనాల పాకెట్ వంటింట్లో పెట్టకండి. ఇప్పుడు నానబెట్టిన గింజలు మీ దగ్గరికి పంపిస్తాను, ఉబ్బినవి ఏవో ఉబ్బనివి ఏవో చేత్తో పట్టుకుని చూడండి, ఈలోపు ప్రశ్నలుంటే అడగండి.