ఒక్క ఫాస్ఫేట్ చేసే పని: పీఐకే3సీఏ జన్యువు

నమస్కారం. కైనేజ్ అనగానే ప్రొటీన్‌కు ఫాస్ఫేట్ తగిలించే ఎంజైమే గుర్తొస్తుంది కదా. ఈ రోజు మనం చూడబోయేది మాత్రం కణ పొరలోని కొవ్వు అణువుకు ఫాస్ఫేట్ తగిలిస్తుంది. అందుకే లిపిడ్ కైనేజ్ అంటారు. దాని జన్యువు పీఐకే3సీఏ, మన 3వ క్రోమోజోమ్ మీద ఉంటుంది.

ఆ జన్యువు నుంచి వచ్చే ప్రొటీన్ పేరు పీ110ఆల్ఫా. పక్కనే పీ85 అనే తోడు ప్రొటీన్ ఉండి, పని లేనప్పుడు దాన్ని అదుపులో పెడుతుంది.

ఇప్పుడు స్క్రీన్ మీద చూడండి. ఇన్సులిన్ వచ్చి రిసెప్టర్‌ను పట్టుకుంది. లోపల ఐఆర్ఎస్ అనే ప్రొటీన్‌లోని టైరోసిన్ అనే అమైనో ఆమ్లాల మీద ఫాస్ఫేట్లు చేరాయి. పీ85 వెళ్లి వాటిని పట్టుకుంటుంది. దాంతో పీ110 మీద పట్టు సడలుతుంది, పైగా అది నేరుగా పొర దగ్గరికి చేరుతుంది. అది ఫాస్ఫేట్ తగిలించాల్సిన కొవ్వు అణువు, పీఐపీ2, ఉండేది అక్కడే.

ఈ పీఐపీ2 తల భాగం ఆరు కార్బన్ల ఇనోసిటాల్ ఉంగరం. 4, 5 స్థానాల్లో ఫాస్ఫేట్లు ముందే ఉన్నాయి. మన ఎంజైమ్ ఏటీపీ నుంచి ఇంకొకటి తెచ్చి 3వ స్థానంలో పెడుతుంది. పీఐపీ2 కాస్తా పీఐపీ3 అయింది. ఇనోసిటాల్ ఉంగరంలో ఈ 3వ స్థానానికి ఫాస్ఫేట్ చేరుతుందని 1988లో శాస్త్రవేత్త లూయిస్ కాంట్లీ బృందం చూపించింది.

చాలా బొమ్మల్లో పీఐపీ3 నుంచి ఏకేటీ అనే ప్రొటీన్ కైనేజ్‌కు ఒక బాణం గీసి వదిలేస్తారు. నాకు ఆ బాణం నచ్చదు, అసలు అందం అందులో కనపడకుండా పోతుంది. పీఐపీ3 తనంతట తాను ఏకేటీని పూర్తిగా మేల్కొల్పదు, రమ్మని చోటు చూపిస్తుంది. ఏకేటీకి, పీడీకే1 అనే ఇంకో కైనేజ్‌కు రెండింటికీ పీఐపీ3ని గుర్తుపట్టే పీహెచ్ డొమైన్ అనే భాగం ఉంది. అలా రెండూ పొర దగ్గర ఒకచోట కలుస్తాయి. అప్పుడు పీడీకే1, ఏకేటీలో 308వ స్థానంలోని త్రియోనిన్ అనే అమైనో ఆమ్లానికి ఫాస్ఫేట్ తగిలిస్తుంది. 473వ స్థానంలోని సెరిన్‌కు ఫాస్ఫేట్ తగిలించే పని ఎంటార్ కాంప్లెక్స్ 2 అనే ప్రొటీన్ల గుంపు చూసుకుంటుంది. ఇలా ఏకేటీ పూర్తిగా మేల్కొన్నాక, గ్లూకోజ్‌ను లోపలికి తెచ్చే గ్లూట్4 అనే ప్రొటీన్ కండర కణాల పొర మీదికి వస్తుంది, కణం పెరుగుదల మొదలవుతుంది.

దీన్ని ఆపేది పీటెన్ అనే ఎంజైమ్. పీఐపీ3లో 3వ స్థానంలోని ఫాస్ఫేట్‌ను అది తీసేస్తుంది.

పీ110లో 542, 545, 1047 స్థానాల్లో మ్యుటేషన్ వస్తే, ఇన్సులిన్ పిలుపు లేకపోయినా ఎంజైమ్ పనిచేస్తూనే ఉంటుంది. రొమ్ము క్యాన్సర్‌లో ఇది తరచూ కనిపిస్తుంది. అలాంటి వారి కోసం 2019లో అమెరికాలో ఆల్పెలిసిబ్ అనే మందుకు అనుమతి వచ్చింది. అది పీ110ఆల్ఫాను అడ్డుకుంటుంది. కానీ కాలేయం, కండరాల్లో ఇన్సులిన్ మాట వినేది కూడా ఇదే ఎంజైమ్, కాబట్టి రక్తంలో చక్కెర పెరుగుతుంది. అప్పుడు క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ వదులుతుంది. ఆ ఇన్సులిన్ కణితిలో ఇదే దారిని మళ్లీ తెరవగలదని 2018లో ఎలుకల మీద చేసిన పరిశోధనల్లో తేలింది.