నెల తప్పకముందే చూసుకోవాల్సిన బరువు

యాంకర్: మాచర్ల దగ్గర్నుంచి ఒక సోదరి లైన్లో ఉన్నారు. డాక్టర్ గారు వింటున్నారు, చెప్పండమ్మా.

కాలర్: నమస్కారం మేడమ్. మా పాప పుట్టినప్పుడు 2 కేజీల 100 గ్రాములే ఉంది. బారసాలకి అమ్మ తెచ్చిన వెండి మురుగులు చేతికి నిలవక జారిపోయాయి. ఇప్పుడు పాపకి మూడేళ్లు. రెండో కాన్పుకి అనుకుంటున్నాం. మళ్లీ అలాగే అవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

డాక్టర్: నెలలు నిండాకే పుట్టిందా? అప్పుడు బీపీ ఏమైనా వచ్చిందా?

కాలర్: నిండాకే మేడమ్. బీపీ లేదు.

డాక్టర్: కడుపు రాకముందు మీ బరువెంత?

కాలర్: 40 కేజీలు. ఇప్పుడూ అంతే. ఎత్తు 152 సెంటీమీటర్లని ఆశా అక్క కొలిచింది.

డాక్టర్: ఆ ఎత్తుకి కనీసం 43 ఉండాలమ్మా, అప్పుడే బీఎంఐ, అంటే ఎత్తుకి తగ్గ బరువు లెక్క, 18.5 దాటుతుంది. మీది 17 చిల్లర. పుట్టిన బిడ్డ రెండున్నర కేజీల లోపుంటే తక్కువ బరువంటాం. దానికి కారణాలు చాలా ఉంటాయి, తల్లి బక్కగా ఉండటం వాటిలో పెద్దది. కడుపులో బిడ్డకి ఏదైనా మాయ, అంటే ప్లాసెంటా ద్వారానే అందాలి. తల్లి ఒంట్లో నిల్వల్లేకపోతే కడుపుతో ఉన్నప్పుడు తల్లికి పెరగాల్సినంత రక్తం పెరగదు, మాయ కూడా చిన్నదిగా ఉండిపోవచ్చు. నెల తప్పిందని తెలిసేసరికే మాయ తయారవడం మొదలైపోతుంది. అందుకే మీరు ఇప్పుడే అడగడం చాలా మంచిదైంది.

యాంకర్: మరి లావుగా ఉన్నవాళ్లకి?

డాక్టర్: వాళ్లకి గర్భంలో షుగర్ వచ్చే అవకాశం ఎక్కువ. అది బిడ్డకీ చేరితే నాలుగు కేజీలు దాటి పుట్టి, కాన్పు కష్టమవ్వొచ్చు. వాళ్లు తగ్గాల్సిందీ ముందే, కడుపుతో ఉండగా డైటింగ్ చేయకూడదు. సరే అమ్మా, రోజూ ఏం తింటారు?

కాలర్: మిరప కోతలకి వెళ్తాను మేడమ్. పొద్దున టీ తాగి ఆటో ఎక్కుతా. పదింటికి చేలో పచ్చడన్నం. మూడింటికి మళ్లీ అదే క్యారేజీ. మొదటిసారి ఎక్కువ తింటే బిడ్డ లావై ఆపరేషన్ అవుతుందని మా అత్తమ్మ తగ్గించి తినమంది.

డాక్టర్: అప్పుడు ఎంత పెరిగారు?

కాలర్: ఆరు కేజీలు.

డాక్టర్: బక్కగా మొదలైనవాళ్లు 12 కేజీల పైనే పెరగాలి. మీ అత్తమ్మ దగ్గరున్నారా? స్పీకర్ పెట్టండి.

అత్తగారు: ఉన్నానమ్మా. మాకూ పెద్దవాళ్లు అలాగే చెప్పారు.

డాక్టర్: మేలు కోరే చెప్పారమ్మా. కానీ కడుపు మాడ్చుకుంటే కాన్పు సులువు కాదు, బిడ్డకి బలం తగ్గుతుంది. ఇద్దరి కోసం తినక్కర్లేదు. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో గర్భిణికి అదనంగా కావాల్సింది రోజుకి 350 కేలరీలు. రెండిడ్లీలు, ఒక గుడ్డు, గ్లాసు పాలు, ఇంచుమించు అంతే. కోడలికి ఇప్పుడే అది మొదలుపెట్టండి. ఆటో ఎక్కేలోపు ఉడికించిన గుడ్డు చేతిలో పెట్టండి. క్యారేజీలో పచ్చడి పక్కన పప్పు ఉండాలి.

అత్తగారు: వేరుశనగ ఉండలు చేసి కట్టివ్వొచ్చా?

డాక్టర్: తప్పకుండా. అన్నం తిన్న వెంటనే మాత్రం టీ వద్దు, ఐరన్ ఒంటబట్టనివ్వదు. ఈ వారమే పీహెచ్‌సీలో రక్తం ఎంతుందో చూపించండి. ఫోలిక్ యాసిడ్ మాత్రలు కూడా అక్కడే అడగండి, నెల తప్పడానికి కనీసం నెల ముందు నుంచే వేసుకోవాలి. 43 దాటేదాకా కాస్త ఆగండమ్మా.

కాలర్: మూడు కేజీలేగా మేడమ్. ఆగుతాం.