టికెట్ కొని మరీ ఎండల కూసున్నం

అక్క: నమస్తే అందరికీ. పోయినసారి దుబాయ్ ముచ్చట సగంల ఆపినం కదా, ఇయ్యాల ఊరు తిప్పి చూపెట్టే ఆ టాపు లేని డబుల్ డెక్కర్ బస్సు సంగతి. ముందే చెప్తున్న, ఆ టికెట్లు నేను బుక్ చెయ్యలే.

తమ్ముడు: నేనే చేసిన. ఫొటోలల్ల మస్తు కనవడ్డది అక్కా! చుట్టూ బిల్డింగులు, అందరు నవ్వుకుంట కూసున్నరు.

అక్క: ఆ ఫొటోలు జనవరిల తీసినయ్ రా. మనం పోయింది ఆగస్టుల.

తమ్ముడు: జగిత్యాలోళ్లకు ఎండ కొత్తనా అనుకున్న.

అక్క: మన ఎండ వేరు. మే నెలల ఎంత మండినా చెమట ఆరిపోతది, చెట్టు కిందికి వోతే పానం నిమ్మళమైతది. అక్కడ పక్కనే సముద్రం, ఎండాకాలం ఆ నీళ్లే గోరువెచ్చగుంటయ్. గాలి నిండ తేమ. చెమట కారుడే గని ఆరుడు లేదు. అది ఆరకుంటే ఒళ్లు సల్లవడదాయె.

తమ్ముడు: బస్సు ఉరికితే గాలి కొడ్తది కదా అని నా లెక్క.

అక్క: మరి చెప్పు, ఎట్లుండె గాలి?

తమ్ముడు: ఇటుకబట్టి ముంగట నిలవడ్డట్టుండె. (నవ్వు) తర్వాత చదివిన. మన తోలు వేడి 35 డిగ్రీలకు అటుఇటుగ ఉంటదట. గాలి అంతకంటె వేడిగుంటే, అది ఎంత జోరుగ కొడితే అంత వేడి మనకే ఎక్కిస్తదట. ఇగ సీటు రెగ్జిన్‌ది. కూసోంగనే చుర్రుమన్నది. లేవబోయి ముంగటి ఇనుప రాడ్ పట్టుకున్న, అది ఇంకింత చుర్రుమన్నది.

అక్క: కింద ఏసీ ఉన్నది, దిగుదాం రా అంటే వినలే వీడు. పైసలు పెట్టినం, పైన్నే కూసోవాల్నట!

తమ్ముడు: బాపు గూడ పైన్నే ఉన్నడు కదా.

అక్క: బాపుతోని నీకు పోటీనా? ఆయన తువ్వాల తడిపి నెత్తికి చుట్టుకొని, నిండు చేతుల అంగీ ఏసుకొని, దొర లెక్క కూసున్నడు. కొత్తగ వింటున్నోళ్ల కోసం చెప్తున్న, మా బాపు 1993 నుంచి 2003 దాక దుబాయ్‌ల స్టీల్ ఫిక్సర్, అంటే బిల్డింగులకు ఇనుప సలాకలు కట్టేటోడు. మా చిన్నతనంల బాపు అంటే ఎవలన్న వస్తుంటే పంపిచ్చే టేపు రికార్డర్ క్యాసెట్. అండ్ల గొంతుతోనే మాట్లాడేది మేము.

తమ్ముడు: నేనైతే ఆ టేపు రికార్డర్ లోపలనే ఉంటడు అనుకునేది.

అక్క: బస్సుల హెడ్‌ఫోన్లు ఇచ్చిన్రు. బుర్జ్ ఖలీఫా 828 మీటర్లు, 2010 జనవరి 4న తెరిచిన్రు అని చెవుల చెప్తనే ఉంటది. బాపు కాసేపు విని తీసి పక్కకు పెట్టిండు. షేక్ జాయెద్ రోడ్ మీద ట్రేడ్ సెంటర్ కనవడంగనే మాత్రం లేసి నిలవడ్డడు. 1979ల తెరిచిన 39 అంతస్తుల బిల్డింగ్ అది. ఇప్పుడు పక్కన ఉన్నయాటి ముంగట పోరడి లెక్కున్నది. అప్పట్ల 100 దిర్హమ్ నోటు మీద దాని బొమ్మనే ఉండె. “ఈ నెల ఎన్ని ట్రేడ్ సెంటర్లు ఇంటికి పంపినవ్ అని ఒకలనొకలం అడిగేటోళ్లం” అన్నడు.

తమ్ముడు: అది హెడ్‌ఫోన్ల రాదు.

అక్క: ఇంకోటి. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాక పగటీలి పన్నెండున్నర నుంచి మూడింటి దాక ఎండల పని చేపియ్యద్దని అక్కడ చట్టం. అది 2005ల మొదలైంది, అంటే బాపు వచ్చేసినంక. సరిగ్గ అదే టైమ్‌ల వీడు మమ్ముల బస్సెక్కిచ్చిండు.

తమ్ముడు: అప్పుడే సీట్లు ఖాళీ ఉండె మరి!

అక్క: ఎందుకు ఖాళీ ఉన్నయో అనుమానం రాలే? (నవ్వు) నేనైతే క్రీక్ కాడ, అంటే ఊరి నడుమకు వచ్చిన సముద్రపు పాయ కాడ దిగినంకనే మనిషినైన. అబ్రా అని చెక్కపడవ, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఒక్క దిర్హమ్. పైన కప్పు ఉంటది, నీళ్ల మీది గాలి. బస్సు టికెట్ల ధర తల్సుకుంటే ఇప్పటికీ కడుపుల మంటనే. ఒడ్డుకున్న అల్ ఫహీదీ పాత ఇండ్లకు గాలి గోపురాలున్నయ్, బర్జీల్ అంటరు. నాలుగు దిక్కుల నుంచి ఎటు గాలి వచ్చినా పట్టి కింది అర్రలకు దించుతయ్. కరెంటు లేనినాడు గదే ఏసీ.

తమ్ముడు: అక్కడ తాగిన లబన్ గూడ చెప్పు. మన మజ్జిగనే. ఉప్పేసుకొని రెండు బాటిళ్లు కొట్టిన.

అక్క: వాపస్ వచ్చేటప్పుడు ఐదున్నర అయింది. సిగ్నల్ కాడ మా పక్కకు ఒక లేబర్ బస్సు ఆగింది. డ్యూటీ దిగి క్యాంపుకు వోతున్నరు, అందరు అద్దాలకు తల ఆనిచ్చి నిద్రవోతున్నరు. బాపు వంగి చూసిండు, చాలాసేపు. “అద్దాలు మూసున్నయ్. ఏసీ బస్సు” అన్నడు.

తమ్ముడు: నేనడిగిన, మీకు లేకుండెనా బాపు అని.

అక్క: “మా సోనాపూర్ లేబర్ క్యాంపు బస్సుకు అద్దాలు తెరుసుడే. ఇసొంటి గాలే పదేండ్లు తిన్న. గని దానికి వాళ్లు పైసలిచ్చిన్రు, దీనికి మనం కట్టినం” అన్నడు. తువ్వాల దులిపి భుజం మీదేసుకొని, “కింద ఏసీ ఉన్నదంటివి కదనే, దా” అనుకుంట మెట్లు దిగిండు.

తమ్ముడు: నేను ఆఖరి స్టాప్ దాక పైన్నే కూసున్న.