గైడ్ గారి హెచ్ ఇండెక్స్ ఎంత?

శ్రోతలందరికీ నమస్కారం.

హైదరాబాద్‌లో ఫార్మసీ పీహెచ్‌డీ సీటు కోసం తిరిగే పిల్లలు ఇప్పుడు గైడ్ గారిని కలవకముందే ఫోన్‌లో పరిశోధనా పత్రాలు వెతికే గూగుల్ స్కాలర్ తెరుస్తున్నారు. పేపర్లు ఎన్ని, సైటేషన్లు ఎన్ని, హెచ్ ఇండెక్స్ ఎంత? ఆ మూడు అంకెలు చూసి, ఈయన దగ్గర చేరొచ్చో లేదో తేల్చేసుకుంటున్నారు. ఇంటర్ మార్కులతో పిల్లల్ని తూచే ఊరు కదా మనది, ఆ తక్కెడ ప్రొఫెసర్ల దాకా వచ్చింది!

సైటేషన్ అంటే పెద్ద విషయమేం కాదు. ఒకరి పరిశోధనా పత్రాన్ని మరొకరు తమ పత్రంలో ప్రస్తావించడం. ఈ ప్రస్తావనలన్నీ ఏరి సూచికగా అచ్చువేసే పని 1964లో ఫిలడెల్ఫియాలో యూజీన్ గార్ఫీల్డ్ మొదలుపెట్టారు. హెచ్ ఇండెక్స్ 2005 నాటిది. హోర్హే హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త ఆలోచన. మీరు రాసినవాటిలో ఇరవై పత్రాలకు తలా ఇరవై సైటేషన్లయినా ఉంటే మీ హెచ్ 20. ఇందులో ఓ తిరకాసుంది. ఒకే పేపర్‌కు పదివేల సైటేషన్లు వచ్చినా ఈ అంకెలో దాని వాటా ఒకటే. పైగా ఇది తగ్గదు. రిటైరై ఇంట్లో కూర్చున్నా పెరుగుతుంటుంది.

ఒక పనిని ఎవరో వాడుకున్నారని మాత్రమే సైటేషన్ చెబుతుంది. ఎందుకు వాడుకున్నారో చెప్పదు. మెదడు, నరాల మీద మందుల ప్రభావాన్ని చూసే న్యూరోఫార్మకాలజీలో ఈ తేడా బాగా తెలుస్తుంది.

మతిమరుపుకు ఏ ఆకు సారాన్నో పరీక్షిస్తున్న ల్యాబ్‌లోకి వెళ్లండి. ఎలుక మెదడును చల్లటి బఫర్ ద్రావణంలో మెత్తగా నూరి, అందులో ఎసిటైల్‌కోలిన్ ఎస్టరేజ్ అనే ఎంజైమ్ ఎంత చురుగ్గా ఉందో చూస్తారు. క్యువెట్ అనే చిన్న పారదర్శక పాత్రలో రసాయనాలు కలిపితే ద్రవం పసుపు రంగుకు తిరుగుతుంది. ఎంజైమ్ జోరుగా ఉంటే పసుపు త్వరగా చిక్కబడుతుంది. మందు దాన్ని అడ్డుకుంటే రంగు రావడం నెమ్మదిస్తుంది. 412 నానోమీటర్ల కాంతి దగ్గర రీడింగ్ తీస్తారు. అల్జైమర్స్ రోగులకు ఇచ్చే డోనెపెజిల్ అడ్డుకునేది ఈ ఎంజైమ్‌నే. ఈ పద్ధతిని ఎల్‌మన్, ఆయన సహచరులు 1961లో రాశారు. తార్నాకలో చేసినా టోక్యోలో చేసినా ఆ పత్రం పేరు రాయాలి కాబట్టి, దానికి వేలల్లో సైటేషన్లు. అందులో కొత్త మందూ లేదు, మెదడు గురించి కొత్త సిద్ధాంతమూ లేదు. పనికొచ్చే పద్ధతి ఉంది.

ఇంకోటి చూడండి. అల్జైమర్స్‌లో జ్ఞాపకశక్తిని దెబ్బతీసేది ఫలానా ప్రోటీన్ రూపమేనంటూ 2006లో నేచర్ పత్రికలో ఒక పేపర్ వచ్చింది. బొమ్మల్లో మార్పులు చేశారని తేలి 2024లో దాన్ని వెనక్కి తీసుకున్నారు. అప్పటికే రెండు వేలకు పైగా సైటేషన్లు! తప్పుపట్టినవాళ్లూ దాని పేరు రాయాల్సిందే కదా, తిట్టు కూడా లెక్కలోకే వస్తుంది.

దీనికి ఎదురు కథా ఉంది. మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు గారు తోటి శాస్త్రవేత్త ఫిస్క్‌తో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి రాశారు. అది పాఠ్యపుస్తకాల్లో ఎంతగా కలిసిపోయిందంటే, చేసేవాళ్లు కొందరు అసలు పత్రాన్ని ప్రస్తావించనే ప్రస్తావించరు.

సర్పగంధి కథ ఇంకా దూరం వెళ్తుంది. ఆ వేరు ఉన్మాదానికీ రక్తపోటుకూ పనిచేస్తుందని 1931లో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ మన దేశపు పత్రికలోనే రాశారు. 1949లో బొంబాయి డాక్టర్ రుస్తుం వకీల్ బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో రాశాకే విదేశాల చూపు దానిమీద పడింది. 1952లో సీబా అనే మందుల కంపెనీవాళ్లు వేరులోంచి రెసర్పిన్ అనే మందు తీశారు. 1957లో స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ ఆ రెసర్పిన్ ఎక్కించి కదలకుండా పడి ఉన్న కుందేళ్లకు ఎల్-డోపా అనే రసాయనం ఇస్తే, అవి లేచి తిరిగాయి. పార్కిన్సన్స్ వైద్యానికి దారి అక్కడ పడింది, 2000లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఇవాళ పార్కిన్సన్స్ మీద రాసేవాళ్లలో సేన్, బోస్ పేర్లు ఎందరికి గుర్తొస్తాయి?

అందుకని పిల్లలూ, ఆ సైటేషన్ల అంకె మీద ఒకసారి నొక్కండి. ప్రస్తావించింది బయటివాళ్లా, సొంత శిష్యులా? సొంత ప్రయోగానికి వచ్చినవా, ఇతరుల పనిని సమీక్షించిన రివ్యూకు వచ్చినవా? రివ్యూలకు సైటేషన్లు సులువుగా పడతాయి. గూగుల్ స్కాలర్ థీసిస్‌లనూ కలుపుతుంది కాబట్టి, స్కోపస్ అనే మరో సైటేషన్ల జాబితాలో కంటే అంకె పెద్దగా కనిపిస్తే కంగారుపడకండి. ఆపైన ల్యాబ్‌కు వెళ్లి, థీసిస్ రాస్తున్న సీనియర్‌ను బయటకు పిలిచి ఇరానీ చాయ్ ఇప్పించండి. డ్రాఫ్ట్ ఇస్తే గైడ్ గారు ఎన్నాళ్లకు దిద్ది ఇస్తారో ఆ సీనియరే చెప్పాలి.

సెలవు, నమస్కారం.