పడవ బద్దలకు ఏ రౌటర్ బిట్ కొనాలి?

అందరికీ నమస్కారం. కళింగపట్నంలో మా పెరట్లోంచే ఈ వీడియో. వెనక కనిపిస్తున్నది 17 అడుగుల చెక్క కయాక్, అంటే తెడ్డుతో నడిపే సన్నటి పడవ, సగం అయింది. సన్నటి పొడవాటి చెక్క బద్దల్ని పక్కపక్కన అతికిస్తూ కడుతున్నాను. ఆ బద్దల అంచులు తీయడానికి రౌటర్, అంటే చెక్క చెక్కే కరెంటు మెషిను, దాంట్లో తిరిగే రెండు జతల బిట్లు వాడాను. ఒక జత కొనండి, ఇంకోటి వద్దు. ఎందుకో చూపిస్తాను.

ముందు ఈ రెండు బద్దలు చూడండి. అంచులు చదునుగా ఉన్నాయి. పడవ పొట్ట దగ్గర కాస్త వంపు తిప్పగానే సందు వచ్చేసింది. అది పూడాలంటే బద్దబద్దకీ చిత్రిక పట్టాలి. ఇప్పుడు ఇవి చూడండి. ఒక అంచు గుండ్రం, బీడ్ అంటారు. ఇంకో అంచు గాడి, కోవ్. ఇంత వంచినా గుండ్రం గాడిలోంచి జారడం లేదు. జిగురు కూడా గాడిలోనే నిలుస్తుంది. తెప్పలు కట్టిన మా చిన్నాన్న దీన్ని వేలితో తడిమి, "ఏట్రా, మేకు కూడా అక్కర్లేదా?" అన్నాడు.

బద్ద మందం పావు అంగుళమైతే, బిట్ గుండ్రం వ్యాసార్థం అంగుళంలో ఎనిమిదో వంతు ఉండాలి. బీడ్, కోవ్ రెండూ ఒకే సెట్‌లోవి కొనండి. విడివిడిగా కొంటే ఒకదాంట్లో ఒకటి సరిగ్గా కూర్చోకపోవచ్చు.

ఇక నేను దెబ్బతిన్న చోటు. ఈ మొదటి జత షాంక్, అంటే రౌటర్‌లోకి దూరే కాడ, 6 మిల్లీమీటర్లు. ఆ కాడని పట్టి బిగించే కొలెట్ నా రౌటర్‌కి పావు అంగుళం, అంటే 6.35. బిట్ లోపలికి వెళ్లింది, నట్ బిగిసినట్టే అనిపించింది. కెమెరా దగ్గరికి పెడతాను, ఈ బద్ద చూడండి. ఈ చివర గాడి సరిగ్గా మధ్యలో ఉంది. ఆ చివరికి వెళ్లేసరికి పక్కకి ఎక్కేసింది. తిరిగే కొద్దీ బిట్ కొలెట్‌లోంచి పైకి జరిగిందన్నమాట. నా అదృష్టం, ఊడి బయటికి రాలేదు. 12 మిల్లీమీటర్లకీ అరంగుళానికీ, అంటే 12.7కీ, ఇదే ఇబ్బంది. కొనేముందు మీ కొలెట్ మీద ఏం రాసుందో చదవండి, షాంక్‌ని వెర్నియర్‌తో కొలవండి.

ఇప్పుడు వాడుతున్నది అరంగుళం షాంక్ జత. అదురు బాగా తగ్గింది, అంచు నున్నగా వస్తోంది. మీ రౌటర్‌కి అరంగుళం కొలెట్ ఉంటే ఇదే తీసుకోండి. కార్బైడ్ పళ్లవే కొనండి. టేకులో సిలికా ఉంటుంది, మామూలు స్టీల్ అంచు త్వరగా మొద్దుబారిపోతుంది.

ముందు బీడ్, తర్వాతే కోవ్. గాడి పెదవులు పలచన, ముందే తీస్తే ఫెన్స్‌కి, అంటే బద్దని ఆనించి తోసే పట్టీకి, నొక్కినప్పుడు చిట్లుతాయి.

సరే, ఒక బద్ద పూర్తిగా తీసి చూపిస్తాను. కళ్లద్దాలు పెట్టుకున్నాను. రౌటర్‌ని టేబుల్ కింద బిగించాను కాబట్టి కుడి నుంచి ఎడమకి తోస్తున్నాను, ఎక్కడా ఆగకుండా. ఆగిన చోట చెక్క మాడుతుంది.