కర్టెన్ పట్టుకుని వేలాడిన డైరెక్టర్లు

అందరికీ నమస్కారమండీ. ఒంగోలు, కావలి, కనిగిరి, ఉదయగిరి, యాడ నుంచి వింటున్నా సరే, ఇయ్యాళ సినిమా కబుర్లే, కాకపోతే మన హాళ్లలో మార్నింగ్ షో కూడా పడని సినిమాల గురించి. ఫిల్మ్ ఫెస్టివల్ అంటే టీవీలో మనకి కనబడేది రెడ్ కార్పెట్టు, హీరోయిన్ల గౌన్లు, అంతే గదా. దాని పక్కనే చిన్న చిన్న సెక్షన్లు ఉంటాయి, కథ చెప్పే తీరే వేరుగా ఉన్న సినిమాలకి, మొదటి సినిమా తీసిన కుర్రోళ్లకి. నన్నడిగితే అసలు సరుకంతా ఆడే ఉంటది.

ఇయ్యి ఎవరో దయతలిచి పెట్టినవి కూడా కాదు, గొడవల్లోంచి పుట్టినవి. 1968 మే నెల, ఫ్రాన్స్ అంతా సమ్మెలు, స్టూడెంట్లు రోడ్ల మీద, అట్టాంటప్పుడు ఆ దేశంలోనే కాన్ ఊళ్లో జరిగే ఈ సినిమా పండగేందని గొడార్, త్రూఫో లాంటి ఫ్రెంచి డైరెక్టర్లు స్టేజీ ఎక్కి షో పడకుండా కర్టెన్ పట్టుకుని వేలాడారు. ఆ పూట వెయ్యాల్సిన సినిమా స్పెయిన్ డైరెక్టర్ కార్లోస్ సౌరాది, ఆయనా పోయి వీళ్లతో కలిసి కర్టెన్ పట్టుకున్నాడు, తన సినిమాని తనే ఆపుకున్నాడన్నమాట! ఫెస్టివల్ మధ్యలోనే ఆగింది, మరుసటేడు డైరెక్టర్లే 'డైరెక్టర్స్ ఫోర్ట్‌నైట్' అని తమ సొంత సెక్షన్ పెట్టుకున్నారు. బెర్లిన్ ఫెస్టివల్‌లోనూ అదే వరస, 1970లో వియత్నాం యుద్ధం మీద తీసిన సినిమా దగ్గర జ్యూరీ తగాదాపడి ప్రైజులే ఇవ్వలా, 1971లో 'ఫోరమ్' అనే సెక్షన్ వచ్చింది. కొత్తదనానికని ఆడ ఫెస్టివల్ మొదటి డైరెక్టర్ ఆల్ఫ్రెడ్ బావర్ పేరు మీద ఒక ప్రైజు కూడా ఇచ్చేవాళ్లు, ఆయన నాజీల కాలంలో సినిమా ఆఫీసులో పెద్ద హోదాలో ఉన్నాడని 2020లో బయటపడేసరికి ఆపేశారు.

ఇంక నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ ఫెస్టివల్. ఆడ 1995 నుంచి 'టైగర్ అవార్డు' ఇస్తన్నారు, 40 వేల యూరోలు, మన లెక్కలో 30 లక్షల పైమాటే. 2021లో అది తమిళ సినిమా 'కూళాంగల్'కి వచ్చింది, డైరెక్టర్ వినోద్‌రాజ్‌కి అదే మొదటి సినిమా. కథేముంది, తాగుబోతు తండ్రి, స్కూల్లోంచి లాక్కొచ్చిన కొడుకు, పుట్టింటికి పోయిన భార్య కోసం మండుటెండలో నడక. చివర్లో ఆడోళ్లు చెలమ చుట్టూ కూర్చుని కొంచెం కొంచెంగా నీళ్లు తోడుకుంటా ఉంటారు, కెమెరా కదలదు, ఆ బిందె ఎప్పుడు నిండుద్దా అని మనం కూడా ఎదురుచూడాల్సిందే. మదురై దగ్గర తీశారు గానీ కనిగిరి, పామూరు వైపు వాళ్లు చూస్తే మా ఊరే అంటారు.

ప్రయోగం అంటే బోరు అనేవాళ్లకి ఒక మాట. మన నెల్లూరు జిల్లా మనిషి సింగీతం శ్రీనివాసరావు గారు 1987లో ఒక్క డైలాగు లేకుండా 'పుష్పక విమానం' తీస్తే జనం హాళ్లలో పగలబడి నవ్వారు.

మీలో ఎవరైనా ఫోన్‌తోనో, అప్పుచేసి తెచ్చిన కెమెరాతోనో తీస్తా ఉంటే రెండు సంగతులు. ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ దగ్గర కక్కుర్తి పడమాకండి, జ్యూరీకి మన యాస చేరేది వాటి గుండానే. ఇంకోటి, చుట్టాలు అడిగారని యూట్యూబ్‌లో ముందే పెట్టెయ్యమాకండి, చాలా సెక్షన్లు బయట ఎక్కడా పడని సినిమానే తీసుకుంటాయి, చుట్టాలకి తర్వాత చూపించుకోవచ్చు.